సోమవారం పోకూడని ఊరు

పోయిన నెల ఆదోనిలో పశువైద్య శాఖలో కొత్తగా చేరిన పిల్లలకు శిక్షణ జరిగింది. రిటైరైన పాతకాపులం ఒకరిద్దరం వచ్చి నాలుగు మంచిమాటలు చెప్పమని పిలిచారు. మంచిమాటలు చెప్పమంటే నాకు ఎక్కడలేని హుషారు వస్తుంది. ఎమ్మిగనూరు నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, మైకు దొరికింది కదా అని ముప్పావుగంట దంచాను. మధ్యలో ఎక్కడో, రైతుకైనా డాక్టరుకైనా పిడివాదం పనికిరాదన్నాను. వెనక వరసలో ఒక అమ్మాయి లేచి, పిడివాదమంటే ఏంటి మేడం, మూఢనమ్మకమేనా అని అడిగింది. జవాబు చెబుదామని నోరు తెరిచేలోపు టీలు వచ్చాయి. టీలు వచ్చాక ఏ సభలోనైనా ఎవరు ఎవరి మాట వింటారు? ఆ జవాబు నా కడుపులోనే ఉండిపోయింది. అయినా అది రెండు ముక్కల్లో తేలేది కాదు. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నిఘంటువు చూస్తే అర్థం దొరుకుతుంది. పట్టిన పట్టు విడవకుండా, ఎదుటివాళ్ళ మాట చెవిన పెట్టకుండా, తను అనుకున్నదే సత్యమని వాదించడం పిడివాదం. మూఢనమ్మకం వేరే జాతి. పిల్లి ఎదురొచ్చిందని వెనక్కి తిరిగినవాడు దాని గురించి ఎవరితోనూ వాదించడు. అరుగు మీద కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి, మళ్ళీ బయల్దేరతాడు. పిడివాదికి అలా కూర్చునే ఓపిక ఉండదు. వాడి దగ్గర కారణాలుంటాయి, ఉదాహరణలుంటాయి, కావాలంటే సంతకం పెట్టిన కాగితం కూడా ఉంటుంది. ఒకసారి సరిచూసుకుందామన్న ఆలోచన మాత్రం ఉండదు. చదువుకున్నవాళ్ళకు ఈ జబ్బు తొందరగా అంటుకుంటుందని నా అనుభవం.

ఆ మాటను నేను వాడినంతగా మా శాఖలో ఇంకెవరూ వాడి ఉండరు. కాలేజీలో ఉపన్యాసాల పోటీలప్పుడు పట్టుబడింది, ఆ తర్వాత నా నోటిని వదల్లేదు. మంగళవారం గోళ్ళు తీయొద్దన్న మా అత్తది పిడివాదం. కాఫీపొడి ఫలానా అంగట్లో తప్ప ఎక్కడ కొన్నా మట్టివాసన వస్తుందనే మా ఆయనది పిడివాదం. పచ్చ సిరాతో తప్ప సంతకం పెట్టని మా పై ఆఫీసరుది మహా పిడివాదం. అయితే ఈ లోకంలో పిడివాదం లేనిది నీకొక్కదానికేనా అని మా ఆయన ఒకరోజు అడిగాడు. అవునన్నాను. అది ఎగతాళి అని అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

సంగతిలోకి వస్తాను. ఆదోని నుంచి హొళగుంద పోయే దిక్కున ఒక పల్లె ఆసుపత్రిలో ఏడేళ్ళు పనిచేశాను. ఊరి పేరెందుకు లెండి. తెలుగూ కన్నడమూ ఒకే నోట్లో కాపురముండే చోటు. ఎద్దుకు బాగాలేదని తెలుగులో మొదలుపెట్టి, అది ఏం మేసిందో కన్నడంలో చెప్పేవాళ్ళు. మొదటి ఏడాది సగం అర్థమై సగం అర్థం కాక తల ఊపేదాన్ని. ఆసుపత్రిలో నాకు తోడు ఒక అటెండరు. ఆదోని మనిషి, వయసులో నాకన్నా పెద్ద. అందరితో పాటు నేనూ ఆయన్ను భాయ్ అనే పిలిచేదాన్ని. ఎంత పొగరుబోతు కోడెనైనా మాటలతోనే నిలబెట్టేవాడు. నన్ను నిలబెట్టడమే ఆయనకు కష్టమైంది.

నాకు చార్జి అప్పగించిన డాక్టరు, వెళ్ళేటప్పుడు స్కూటరు స్టార్టు చేసి మళ్ళీ ఆపి, ఒక జాగ్రత్త చెప్పాడు. వంక అవతల ఉన్న ఊరికి మాత్రం సోమవారం పోవద్దు, ఆ రోజు ఎద్దుల్ని ముట్టనివ్వరు, నేనొకసారి పోయి తలదించుకుని వచ్చాను అన్నాడు. ఆ మాటను డైరీలో ఎర్ర సిరాతో రాసుకున్నాను. రాసుకోవడానికి కారణం కూడా ఉంది. మా ప్రాంతంలో సోమవారం బసవన్న వారం. ఆ రోజు ఎద్దుల మెడమీద కాడి పెట్టరు. కడిగి, కొమ్ములకు నూనె రాసి, కడుపునిండా మేపి, ఊరికే నిలబెడతారు. ఆ సంగతి నాకు ముందే తెలుసు కాబట్టి, ఆయన చెప్పింది సరిగ్గా దాని పక్కన అతుక్కుంది. ఇంక అనుమానం ఎందుకొస్తుంది?

పైగా దాన్ని నా మంచితనం ఖాతాలో వేసుకున్నాను. రైతుల నమ్మకాన్ని వెక్కిరించకూడదు, దాన్ని గౌరవిస్తూనే మన పని చేసుకోవాలి అని మీటింగుల్లో చెప్పేదాన్ని. చప్పట్లు కొట్టేవాళ్ళు. అలా గౌరవిస్తూ, ఆ ఊరికి ఏటా మంగళవారమే వెళ్ళేదాన్ని.

ఏటా వెళ్ళేది గొంతువాపు టీకాలకు. ఈ జబ్బు సంగతి మీకు తెలుసు, తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట చెబుతాను. తొలకరి వానలప్పుడు వస్తుంది. పొద్దున మేత మానేసిన ఎద్దుకు సాయంత్రానికి గొంతు వాచి, గురక మొదలవుతుంది. మర్నాటికి బతికి ఉంటుందన్న నమ్మకం లేదు. వానలకు ముందే టీకా వేస్తే ఆ బెంగ ఉండదు. నేను ఐసుపెట్టె పట్టుకుని బస్సు దిగి, వంక దాటి, ఆ ఊరి రచ్చకట్ట దగ్గరికి చేరేసరికి పదకొండయ్యేది. నాలుగు ముసలి ఆవులూ, కట్టుతాడుతో పిల్లలు లాక్కొచ్చిన రెండు దూడలూ ఉండేవి. ఎద్దులు ఉండేవి కావు. చల్లపూట దున్నుకుందామని తెల్లవారకముందే చేన్లకు పోయేవి. ఇంటి దగ్గర ఉన్న ఒకరిద్దరు కూడా నసిగేవాళ్ళు. సూది వేస్తే మెడ వాస్తుంది, ఆ రోజంతా కాడి మోయలేదు, పని అయినాక చూద్దాంలే అనేవాళ్ళు.

నేను గంటసేపు నిలబడి, ఉపన్యాసమిచ్చి, చెమటలు తుడుచుకుని వచ్చేసేదాన్ని. నివేదికలో, టీకాలు తక్కువ పడటానికి కారణమేమిటని ఒక గడి ఉండేది. అందులో 'రైతుల పిడివాదం' అని రాశాను. పచ్చ సిరా ఆఫీసరుకు ఆ మాట తెగ నచ్చింది. మీటింగులో పైకి చదివి వినిపించాడు. అది విని మిగతా డాక్టర్లు కూడా తమ తమ నివేదికల్లో అదే దించారు. ఆ ఏడాది మా డివిజన్లో గొంతువాపుకన్నా పిడివాదమే ఎక్కువ ప్రబలింది, కాగితాల మీద. నేను మురిసిపోయాను.

భాయ్ మాత్రం మొదటి రెండేళ్ళలోనే ఒకటి రెండుసార్లు గొణిగాడు. ఒకసారి సోమవారం పోయి చూద్దామా మేడం అన్నాడు. వాళ్ళ మనసు నొప్పించే పని చేయకూడదు భాయ్ అని నేను పెద్దరికంగా చెప్పాను. ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేదని ఇప్పుడు అంటే అన్యాయం. నేను వినే రకం కాదని ఆయనకు అప్పటికే తెలిసిపోయింది.

నాలుగో ఏడు వానలప్పుడు ఆ ఊరి పెద్దాయన ఒకరి ఎద్దు గొంతువాపుతో పోయింది. జతలో మంచిది, ఊళ్ళో పేరున్న ఎద్దు. నేను వెళ్ళేసరికే అయిపోయింది. రెండు రోజుల తర్వాత ఆయన ఏదో కాగితం కోసం ఆసుపత్రికి వచ్చాడు. వరండాలో పదిమంది ఉన్నారు. నాకు కోపం ఆగలేదు. మంగళవారం మీ ఊళ్ళో గంటసేపు ఎండలో నిలబడ్డాను, ఎందుకు తోలుకురాలేదు, ఆ ఎద్దును చంపింది జబ్బు కాదు, నీ మూర్ఖత్వం అన్నాను. అంత మాట అన్నాను నేను. ఆయన భుజం మీది తువాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. కాగితం తీసుకున్నాడు. వస్తానమ్మా అని చెప్పి వెళ్ళిపోయాడు. ఎదురు మాట్లాడలేదు కాబట్టి, నేనన్నదే నిజమనుకున్నాను.

ఆ తర్వాత ఆయన ఇంకో ఎద్దు కోసం సంతకు పోలేదు. ఇంట్లో పుట్టిన కోడెదూడనే పెంచి, నిదానంగా కాడి నేర్పి, మిగిలిన ఎద్దుకు జత చేసుకున్నాడు. భాయ్ ఆ ఊరి కబుర్లన్నీ మోసుకొచ్చేవాడు కాబట్టి నాకు తెలుసు.

ఏడో ఏడు. వేసవి టీకాలకు వెళ్తే ఆ ఊళ్ళో ఎప్పటిలాగే రెండు దూడలు, నాలుగు ఆవులు. ముంగారు తొలివాన ఆ ఏడు ఒక ఆదివారం మధ్యాహ్నం పడింది. ఆ సాయంత్రమే ఫోను వచ్చింది. వంకకు ఇవతలి ఊళ్ళో రెండు పశువులు గొంతు వాచి పోయాయట. నల్లరేగడి నేల తడిస్తే విత్తనానికి నాలుగైదు రోజులే అదును. ఆ నాలుగైదు రోజుల్లో ఎద్దు పడుకుంటే, ట్రాక్టరు లేని ఇంటికి ఆ పంట ఇంక లేనట్టే.

సోమవారం పొద్దున ఆసుపత్రికి రాగానే, ఐసుపెట్టెలో టీకా మందు సర్దుతూ, ఇవతలి ఊరు ఈరోజు, అవతలి ఊరు రేపు అని భాయ్‌తో చెప్పాను. ఇవతలి ఊరు పది ఇళ్ళు, గంటలో అయిపోతుంది, అక్కడి నుంచి వంక దాటితే అవతలి ఊరే కదా మేడం అన్నాడు ఆయన. ఈరోజు సోమవారం భాయ్ అన్నాను. అప్పుడు ఆయన చేతిలోని సిరంజిల డబ్బా బల్ల మీద పెట్టాడు.

"మేడం, నాకు శుక్రవారం నమాజుందని మీకెట్ల తెలుసు? మీరు నన్నే అడిగినారు. శుక్రవారం మధ్యాహ్నం నాకు డ్యూటీ వెయ్యరు. వాళ్ళ సోమారం సంగతి మాత్రం వాళ్ళను కాకుండా ఆ డాక్టరు సాబును అడిగినారు."

నిజానికి నేను ఆ డాక్టరును కూడా అడగలేదు, ఆయనే చెప్పాడు. ఆ తేడా చెప్పి వాదనలో గెలుద్దామని చూస్తున్నాను, ఇంతలో బయట మోటారుసైకిలు ఆగింది. వెనక సీటు మీంచి దిగింది ఆ పెద్దాయనే. మూడేళ్ళుగా ఆయన ఆసుపత్రి గడప తొక్కలేదు. చెప్పులు లేవు, మోకాళ్ళ దాకా రేగడి బురద. కోడెకు పొద్దున్నించీ మేత లేదనీ, గొంతు కింద గట్టిగా అయిందనీ, నోట్లోంచి చొంగ కారుతోందనీ చెప్పాడు. ఆ కోడె ఏదో నాకు తెలుసు. దూడగా ఉన్నప్పటి నుంచి తన చేత్తో పెంచుకున్నది. చెబుతుంటే ఆయన గొంతు మామూలుగానే ఉంది, చేతులు మాత్రం తువాలును మెలిపెడుతున్నాయి.

వస్తాను పెద్దాయనా అన్నాను. అని ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేదు. సోమవారం కదా, ఊళ్ళో ఎవరూ ఏమీ అనుకోరు కదా అని అడిగాను.

"సోమారమైతే ఏమి?" అన్నాడు.

"ఆ రోజు మీరు ఎద్దుల్ని ముట్టనివ్వరు కదా."

ఆయన నా ముఖం చూశాడు, భాయ్ ముఖం చూశాడు. ఈమెకు ఒంట్లో బాగుందా అని భాయ్‌ను కళ్ళతో అడిగినట్టు నాకు అనిపించింది.

"ఎవరు సెప్పినారు తల్లీ నీకు? కాడి కట్టం, అంతే. సోమారం వాటిని కడుగుతాము, ముట్టకుండా యాడ కడిగేది? అన్ని ఎద్దులూ ఇంటికాడ ఊరికే నిలబడి ఉండేది ఆ ఒక్క దినమే. సూది వేస్తే వాపు తగ్గేదానికి దినమంతా ఉంటుంది. నువ్వేమో పట్టుబట్టి మంగళారమే వస్తాండావు."

చెవులు వేడెక్కిపోయాయి నాకు. ఏడేళ్ళు. ఏడు వేసవులు. ఆ ఊరికి వెళ్ళిన ప్రతిసారీ వాళ్ళ ముందు నిలబడి మాట్లాడానే గానీ, ఒక్కసారైనా, ఏ రోజు వస్తే మీకు వీలు అని అడగలేదు. అడగడానికి ఏం కావాలి, ఒక నోరు. అది నాకు దండిగానే ఉంది.

పదండి మేడం, ఆటో పిలుస్తానంటూ భాయ్ ఐసుపెట్టె ఎత్తుకుని బయటికి నడిచాడు. ఆ మంచితనం నాకు చీవాట్లకన్నా ఎక్కువ తగిలింది.

ఆటో మాట్లాడుకుని ముగ్గురం బయల్దేరాం. వంక దగ్గరికి వచ్చేసరికి నాకు ఉండబట్టక, మరి ఆ పాత డాక్టరును ఎందుకు తిప్పి పంపించారు పెద్దాయనా అని అడిగాను. కోడె మీది బెంగలో ఉన్న మనిషికి కూడా కాస్త నవ్వు వచ్చింది. ఆ డాక్టరు వచ్చింది జీపులో. ముందురోజు వాన పడి వంకలో బురద ఉంది, జీపు సగం దాకా దిగబడింది. నాలుగు జతల ఎద్దుల్ని కట్టి లాగించండి అని ఆయన ఒడ్డుమీదున్న వాళ్ళకు హుకుం వేశాడు. సోమవారం కాడి కట్టం సారూ, మేమే లాగుతాం అని వీళ్ళన్నారు. ఊళ్ళో మగవాళ్ళంతా దిగి, మోకులు కట్టి, జీపును ఇవతలి ఒడ్డుకు లాగారు. ఆయన ప్యాంటు నడుముదాకా బురద. ఆ అవతారంలో ఊళ్ళోకి రావడానికి సిగ్గుపడి, ఒడ్డు మీంచే వెనక్కి తిప్పుకుని పోయాడు. సూదుల పెట్టె తెరవనే లేదు.

నేను ఆటో కమ్మీ పట్టుకుని నవ్వాను, భాయ్ నవ్వాడు, ఆటో నడిపేవాడు వెనక్కి తిరిగి మరీ నవ్వాడు. ఆ డాక్టరును తిట్టుకుందామంటే నోరు రాలేదు. ఆయన బురద గురించి చెప్పలేక ఒక ముక్క దాచాడు, అంతే. ఆ ముక్కకు ఎర్ర సిరా పూసి, గడిలో ఎక్కించి, డివిజనంతా పంచింది నేను. ఒక జీపు బురదలో దిగబడితే, ఒక ఊరి ఎద్దులకు ఏడేళ్ళు టీకా లేకుండా పోయింది.

కోడె కొట్టంలో పడుకుని ఉంది. ఎర్రటి ఒళ్ళు, పెద్ద కళ్ళు. జ్వరం కాలిపోతోంది, గొంతు కింద వాపు చేతికి గట్టిగా తగిలింది. గురక ఇంకా మొదలు కాలేదు. అదొక్కటే ఆశ. భాయ్ తలపట్టాడు, నేను నరానికి మందు ఎక్కించాను. బతుకుతుందా మేడమ్మా అని పెద్దాయన అడగలేదు. అడిగితే ఏం చెప్పాలో నాకూ తెలియదు. దాన్ని మిగతావాటికి దూరంగా కట్టించి, సాయంత్రం మళ్ళీ చూస్తానని చెప్పి, ఊళ్ళోకి పోయాను.

అలాంటి దృశ్యం నా సర్వీసులో ఎన్నడూ చూడలేదు. ప్రతి ఇంటి ముందూ జత ఎద్దులు. కడిగిన ఒళ్ళు, నూనె రాసిన కొమ్ములు, కొన్నిటికి నుదుట కుంకుమ. ఒక్కటి కూడా చేన్లో లేదు. ముకుతాడు పట్టుకుని ఒకరి వెనక ఒకరు తోలుకొస్తూనే ఉన్నారు. మెడ వాస్తుందని ఒక్కరూ అనలేదు. పైపెచ్చు, నా ఎద్దుకు ముందు వెయ్యి మేడమ్మా అని తోపులాట. పని మధ్యలో ఎవరో ముసలావిడ వచ్చి నాక్కూడా కాస్త కుంకుమ పెట్టి పోయింది. ఎద్దుల వరసలో నిలబడ్డాను కదా, నన్నూ కలిపేసింది. మధ్యాహ్నానికి తెచ్చిన మందు అయిపోతే, ఆటోను మళ్ళీ ఆసుపత్రికి పంపించి తెప్పించాను. ఇవతలి ఊరిని దాటి వచ్చేశామని అప్పుడు గుర్తొచ్చి, భాయ్‌ను కొంత మందుతో అక్కడికి తరిమి, ఆయన తిరిగొచ్చేదాకా నేనే ఎద్దుల కొమ్ములు తప్పించుకుంటూ వేశాను. పొద్దు వాలేసరికి రెండు ఊళ్ళూ అయిపోయాయి. టీకా పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుందనీ, ఆ లోపల ఏ పశువు మేత మానేసినా వెంటనే చెప్పాలనీ అందరికీ చెప్పాను. ఏ రోజైనా చెప్పండి అని రెండుసార్లు చెప్పాను.

పెద్దాయన ఇంటికి తిరిగొచ్చాం. కోడె లేచి నిలబడింది గానీ గాడిలో సొప్ప ముట్టలేదు. వాపు పెరగలేదు, తగ్గనూ లేదు. రెండో మోతాదు మందు వేశాను. పెద్దాయన దాని పక్కనే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆయన భార్య మమ్మల్ని పంచలో కూర్చోబెట్టి, భాయ్ ముందు జొన్నరొట్టెలు, గుత్తివంకాయ, చెనిక్కాయల పొడి పెట్టింది. నాకు గ్లాసుడు పాలు, రెండు అరటిపండ్లు ఇచ్చింది.

పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు తప్ప నా కడుపులో ఏమీ లేదు. పండు ఒలుచుకుంటూ భాయ్ కంచం వైపే చూశాను. వంకాయ వాసనకు కళ్ళు తిరుగుతున్నాయి. పట్నం మనిషిని, రొట్టె తిననని అనుకుందేమో అనుకుని, నాకూ ఒక రొట్టె పెట్టమ్మా అన్నాను.

ఆవిడ కంగారుపడింది. "సోమారం గదమ్మా. నీకు ఒక్కపొద్దు గదా."

"నాకు ఒక్కపొద్దేమిటి?"

"ఏడేండ్లుగా ఏ సోమారమూ ఈడికి రాకపోతివి. అన్ని దినాలూ తిరుగుతావు, సోమారం మాత్రం రావు. శివునికి ఒక్కపొద్దుంటావేమో, పూజలో ఉంటావేమో అనుకొంటిమి. నీ నమ్మకం నీది, దాన్ని మేమెందుకు సెరపాల అని ఎవరమూ అడగలేదు."

భాయ్‌కి పొలమారింది. నెత్తిమీద కొట్టుకుంటూ, నీళ్ళు తాగుతూ, కళ్ళల్లో నీళ్ళు కార్చుకుంటూ నవ్వాడు. పెళ్ళయినప్పటి నుంచి మా అత్త ఎంత బతిమాలినా ఒక్క వ్రతమూ చేయని దాన్ని, ఒక్క పూట ఉపవాసం ఉండని దాన్ని, ఆ ఊరు ఏడేళ్ళు మహాభక్తురాలిగా చూసుకుంది. నేను వాళ్ళ సోమవారాన్ని గౌరవిస్తుంటే, వాళ్ళు నా సోమవారాన్ని గౌరవిస్తున్నారు. ఇద్దరం ఒకరికొకరం ఇంత మర్యాద చేసుకుని, మధ్యలో ఎద్దుల్ని గాలికి వదిలేశాం. నాకే ఒక్కపొద్దూ లేదమ్మా, నువ్వు పెట్టు అన్నాను. మూడు రొట్టెలు తిన్నాను. నాలుగోది పట్టుకుని ఉండగా కొట్టంలో పెద్దాయన కనబడ్డాడు. ఆయనింకా ఏమీ తినలేదు.

రొట్టె పక్కన పెట్టి ఆయన దగ్గరికి పోయాను. సిగ్గుపడకుండా చెప్పాలంటే చాలా కష్టంగా ఉండింది. ఆ రోజు పదిమందిలో అనరాని మాట అన్నాను పెద్దాయనా, ఆ ఎద్దు పోయింది నీ వల్ల కాదు, నా వల్ల, సోమవారం వచ్చి ఉంటే బతికేది అన్నాను. ఆయన చెయ్యి కోడె మెడమీద ఉంది.

"నేనే సంపినాననుకొంటిని తల్లీ. మూడేండ్లూ అట్లే అనుకొంటిని. సదువుకున్నదానివి, నువ్వు సెప్పినాక అది అబద్ధమెట్లయితుంది?"

నాకు ఏడుపు ఆగలేదు. కొట్టంలో, పేడ వాసనలో, ముక్కు చీదుకుంటూ ఏడ్చాను. నా మాటల్లో నిజమెంతో చూసుకోకుండా నేనన్నాను, చూసుకోకుండానే ఆయన నమ్మాడు. నేను ఆ మాటను అన్న మరునాడే మరిచిపోయాను. ఆయన మూడేళ్ళు మోశాడు.

పెద్దాయన నన్ను ఊరుకోబెట్టలేదు. మోచేత్తో మెల్లగా పొడిచి, కోడె ముఖం చూడమన్నాడు. అది తల కాస్త పక్కకు తిప్పి, కళ్ళు సగం మూసి, దవడలు కదిలిస్తోంది. పొద్దున్నుంచి మొదటిసారి.

"నెమరేస్తాంది," అన్నాడు. "ఇంగ ఆ పాత మాట ఇడిసిపెట్టు. రేపు పక్కింటాయన ఎద్దును మా పాత ఎద్దుకు జత కట్టుకోని ఇత్తనానికి పోతాము. దీనికి సూది వెయ్యాలంటే మేము సేనికి పోకముందే రా."

ఎన్ని గంటలకు పోతారు పెద్దాయనా అని అడిగాను. తెల్లారుజామున అయిదుకు అన్నాడు. నాలుగున్నరకే వెళ్ళాను.